వెనక సీటుకు కొబ్బరినూనె

మమతారాణికి కూర్చోవడం రాదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలు పైకి లేచే ఉంటుంది, ఎవరైనా పిలిస్తే ఎంగిలి చేత్తోనే పరుగెత్తాలన్నట్టు. చర్చిలో ప్రార్థనకు కళ్ళు మూసుకున్నా వేళ్ళు మాత్రం కొంగు అంచును మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉంటాయి. కోడలై మంచిర్యాలకు వచ్చిన మొదటి వారంలోనే అత్త బుచ్చవ్వ నలుగురి ముందూ అనేసింది.

"గీ పిల్ల కాళ్ళ కింద నిప్పులు పోసినట్టే తిరుగుతది. దీన్ని చూస్తుంటే నాకు ఆయాసమొస్తుంది."

ఇరవై ఏళ్ళు దాటినా బుచ్చవ్వ ఆయాసం తగ్గలేదు, కోడలి తిరుగుడూ తగ్గలేదు. హుజూరాబాద్ దగ్గరి పల్లెలో పుట్టిన మమతారాణి చిన్నప్పుడే మిషను హాస్టల్లో చేరింది. అక్కడ పిల్లలే వంతులవారీగా గిన్నెలు తోమాలి, కిటికీలు తుడవాలి. తన వంతు కాని రోజున ఏం చేయాలో తోచక ఇంకొకరి వంతు కూడా తనే చేసేది. పెళ్ళయ్యాక ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేసింది. తుడవాల్సినవి అయిపోయాక తుడిచినవే మళ్ళీ తుడిచేది. ఆగి ఉన్న వస్తువు కనిపిస్తే దాన్ని కదిలించాలి, మాసినది కనిపిస్తే తోమాలి. అంతే ఆమె.

అందుకే భర్త కారు రేకుల షెడ్డు కింద టార్పాలిన్ కప్పుకుని ఆగిపోయినప్పుడు ఆమెకు నిద్ర పట్టలేదు.

భర్త ప్రేమ్‌చంద్ నిదానస్తుడు. గనిలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన దగ్గర ముదురు ద్రాక్షరంగు పాత కారు కొని, దాంతోనే బతుకు నడిపాడు. సంఘంలో ఏ ఇంట్లో పెళ్ళయినా పెళ్ళికూతురు చర్చికి వచ్చేది ఆ కారులోనే. రిబ్బన్లు కట్టి, ముందు అద్దం మీద కాగితపు పూలు అంటించి, ఆయన ఎంత మెల్లగా నడిపేవాడంటే బ్యాండువాళ్ళు కారుకన్నా ముందు పోయి మళ్ళీ వెనక్కి వచ్చేవాళ్ళు. రెండేళ్ళ కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, చెయ్యి వచ్చింది. ఎడమ కాలు మాత్రం క్లచ్ తొక్కేంత బలం తెచ్చుకోలేదు.

ఆ కారు నడపడం మమతారాణి నేర్చుకుంది. పక్క సీట్లో ప్రేమ్‌చంద్ కట్టె పట్టుకుని కూర్చునేవాడు. గోదావరి ఒడ్డున ఖాళీ జాగాలో నేర్పాడు. తప్పు చేస్తే కట్టెతో డ్యాష్‌బోర్డు మీద కొట్టేవాడు తప్ప ఆమెను ఒక్క మాట అనలేదు. ఒకరి ప్రహరీ గోడ పడగొట్టి, దాన్ని తనే ఇటుక మీద ఇటుక పేర్చి కట్టి ఇచ్చి, ఆ తర్వాత లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు కాలనీలో కాన్పు నొప్పులు వస్తే ఆమెకే ఫోను. మంగళవారం పక్కింటివాళ్ళను కొండగట్టుకు తీసుకుపోయేది ఆమే. వాళ్ళు దర్శనం చేసుకుని వచ్చేదాకా కొండ కింద కారు చుట్టూ తిరుగుతూ అద్దాలు తుడుస్తూ ఉండేది.

కానీ పెళ్ళికి మాత్రం ఎవరూ పిలవలేదు. సంఘ పెద్ద ఒకాయన నవ్వుతూనే అన్నాడు: "పెండ్లి కారు ఆడామె నడిపితే ఫొటోలల్ల మంచిగుంటదా, చెల్లె?" ఆ నవ్వు ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. దవాఖానకు పనికొచ్చే చేతులు చర్చికి ఎందుకు పనికిరావు?

అప్పుడే అక్క కూతురు మహిమకు పెళ్ళి కుదిరింది. మహిమ ఎవరినీ అడగకుండా ప్రకటించేసింది, "నేను చిన్నమ్మ కారులనే పోత" అని. మహిమ అన్న సాగర్‌ది హైదరాబాదులో ఉద్యోగం. వాడు అప్పటికే పొడుగాటి తెల్ల కారు ఒకటి మాట్లాడి పెట్టాడు. చెల్లెలి మాట తీసేయలేక మధ్యేమార్గం చెప్పాడు.

"రెండూ ఇంటి ముందట ఉంటయ్ తియ్. చిన్నమ్మ కారు చూడనీకి మంచిగుంటే అండ్లనే ఎక్కు. లేకుంటే తెల్లదాంట్ల పోదాం."

అంటే పెళ్ళికూతురికన్నా ముందు కారుకు పెళ్ళిచూపులు. ఈ ఒక్క పెళ్ళి గడిస్తే సంఘంలో నోళ్ళన్నీ మూతపడతాయి. గడవకపోతే ఆ కారు మళ్ళీ ఎప్పుడూ రిబ్బను కట్టుకోదు. మమతారాణికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పెళ్ళి శనివారం. శుక్రవారం పొద్దున్నే ఆమె వంటింటి మీద పడింది.

బొగ్గు ఊళ్ళలో కారు రంగు ఏదైనా నాలుగు రోజులకు నల్లదే. ముందు నీళ్ళు పోసి దుమ్ము జారనిచ్చింది. పొడి బట్టతో తుడిస్తే గీతలు పడతాయని ప్రేమ్‌చంద్ ఎన్నోసార్లు చెప్పాడు. తర్వాత బకెట్లో షాంపూ ప్యాకెట్లు పిండి, నురగ చేసి, పాత బనియన్‌తో పైనుంచి కిందికి కడిగింది. పసుపు పట్టిన హెడ్‌లైట్లకు పళ్ళ పేస్టు రాసి గుండ్రంగా రుద్దింది. అవి కాటరాక్టు ఆపరేషన్ అయిన కళ్ళలా తేటపడ్డాయి. తారు మరకలకు గుడ్డ మీద కాస్త కిరసనాయిలు. అద్దాలకు నీళ్ళలో కలిపిన వెనిగర్, తుడవడానికి దినపత్రిక. కింద పరిచిన మ్యాట్ల మీద తినే సోడా చల్లి దులిపింది. ఆ మ్యాట్లలో ఎంతమంది కాన్పు నొప్పుల వాసన ఉందో ఆమెకే తెలుసు.

బుచ్చవ్వ మంచం మీద నుంచి అన్నీ చూస్తూనే ఉంది.

"ఏమే, వంటింట్ల ఇంకేమన్న మిగిలిందా? రేపు పప్పుల పోపు పెట్టనీకి వస్తే నూనె కారు తాగింది అంటవా?"

"పప్పు రోజూ ఉండేదే కదత్తా. మహిమ పెండ్లి రోజూ ఉంటదా?"

"నా తలకు పెట్టుకునే నూనె సీసా కనబడ్తలేదు."

"బంపర్లకు పెట్టిన."

ముసలమ్మ పళ్ళులేని నోటితో కిలకిలా నవ్వింది. "మంచిదే. నా తలకన్న దాని మూతే నున్నగుంది."

నిజమే. తెల్లగా వెలిసిపోయిన నల్ల ప్లాస్టిక్ బంపర్లు కొబ్బరినూనె తాగి కొత్త గొడుగులా నల్లబడ్డాయి. డ్యాష్‌బోర్డు మెరిసింది. తలుపుల లోపలి పట్టీలు మెరిశాయి. పొద్దు గుంకే వేళకు పని అయిపోయింది. అయిపోవడమే ఆమెకు గిట్టదు. కారు చుట్టూ మూడోసారి తిరుగుతుంటే వెనక సీటు కంటపడింది. బూడిదరంగు రెక్సిను ఎండకు పొడిబారి, అక్కడక్కడా సన్నగా పగిలి ఉంది. మడమలు పగిలితే ఏం చేస్తాం? చెప్పులు ఎండితే ఏం చేస్తాం? తలుపు కిర్రుమంటే, జుట్టు రేగితే, పిల్లల ఒళ్ళు తెల్లగా పొట్టు లేస్తే ఆ ఇంట్లో అన్నిటికీ ఒకటే మందు. సీసాలో మిగిలినదంతా అరచేతిలో పోసుకుని సీటుకు బాగా మర్దన చేసింది. రెక్సిను నిగనిగలాడింది.

ఆ రాత్రి ప్రేమ్‌చంద్ "ఇగ పండుకో రాణీ, కారు యాడికి పోదు" అంటే నవ్వి పడుకుంది.

తెల్లవారి రిబ్బన్లు కట్టడానికి కారు దగ్గరికి పోయింది. తెల్ల సాటిన్ రిబ్బన్ చుట్ట వెనక సీటు మీద పెట్టి, కత్తెర కోసం లోపలికి వెళ్ళి వచ్చింది. చుట్ట తీసింది. కింది వైపు ఒక అంచు మొత్తం పసుపు తిరిగి, కాగితం పొట్లంలో బజ్జీ పెట్టినట్టు, అవతల వెలుగు కనిపించేలా తడిసి ఉంది.

ఆమె సీటు మీద అరచెయ్యి వేసింది. జారింది.

మహిమది తెల్లచీర. సంఘంలో పెళ్ళికూతురు అంటేనే తెల్లచీర, తల మీది నుంచి మడమల దాకా నెట్టు ముసుగు. ఎర్రచీరో పచ్చచీరో అయితే ఈ నూనె ఎవరికీ కనిపించేది కాదు. తెల్లచీర మీద, పెళ్ళికూతురు వెనక భాగాన, సంఘం మొత్తం వెనక బెంచీల్లో కూర్చుని చూస్తుండగా!

"ఏమయ్యా! ఓ ఏమయ్యా!"

ప్రేమ్‌చంద్ కట్టె పట్టుకుని వచ్చాడు. రిబ్బన్ చూశాడు, సీటు మీద వేలు పెట్టి వాసన చూశాడు.

"సీటుకు నూనెవెడ్తరా రాణీ?"

"నువ్వెన్నడూ చెప్పలేదు కదా!"

"సీటుకు నూనెవెడ్తవని నేనెట్ల అనుకుంట?"

"దుప్పటి పరువుండ్రి," మంచం మీద నుంచి బుచ్చవ్వ తీర్పు చెప్పింది. "గింత దానికి పరేషానెందుకు?"

"దవాఖానకు పోయేటోళ్ళకు దుప్పటి పరుస్తం అత్తా. పెండ్లిపిల్లకు పరుస్తమా? సాగర్ చూసిండంటే ఏమైందని ఎత్తి చూడడా? అయినా గీ నూనె దుప్పట్ల నుంచి సుత ఎక్కుతది."

మాట్లాడుతూనే చెంగు దోపింది. వేడినీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కరిగించి, మెత్తటి బట్టతో సీటు కడిగింది. నీళ్ళు తెల్లగా మారాయి. మళ్ళీ కడిగింది. పొడి బట్టతో ఒత్తింది. నాలుగు తలుపులూ తెరిచి, మే నెల ఎండకు కారు ముఖం తిప్పింది. ఆరగానే తెల్ల చేతిరుమాలు వేసి అరచేత్తో నొక్కింది. రుమాలు తెల్లగానే వచ్చింది.

"అయిపాయె," అన్నాడు ప్రేమ్‌చంద్.

"అరచెయ్యికి మనిషి బరువుంటదా?"

రుమాలు మీద మోకాలు పెట్టి ఒంటి బరువంతా ఆనించింది. ఈసారి రుమాలు మీద సన్నటి గీత. కుట్టు గీత. రెక్సిను రెండు ముక్కలు కలిపి కుట్టిన చోట దారం సందుల్లోకి నూనె దిగి కూర్చుంది. బరువు పడితే పైకి ఊరుతోంది.

లోపలికి పరుగెత్తి శనగపిండి డబ్బా తెచ్చింది. కుట్ల పొడవునా పిండి పోసి, వేలితో ఒత్తి, కాసేపు ఉంచి, పాత పళ్ళ బ్రష్షుతో గీకింది. పిండి చిన్న చిన్న ఉండలు కట్టి లేచింది. మళ్ళీ పోసింది. పిండి అయిపోయింది. బియ్యప్పిండి తెచ్చింది. అది కూడా అయిపోవస్తుంటే అక్క దగ్గర నుంచి ఫోను, ఇంకా బయల్దేరలేదా అని. "వస్తున్న, వస్తున్న" అంది, ఏ మాటకు జవాబిస్తోందో తనకే తెలియకుండా.

మళ్ళీ రుమాలు పెట్టింది, తెల్లగానే వచ్చింది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. రుమాలు ఎంత? చీర ఎంత? చీరలో మనిషి కదులుతుంది, చెమటపడుతుంది, ఒరుగుతుంది.

ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. పెట్టె కిర్రుమన్న శబ్దం విని ప్రేమ్‌చంద్ కట్టె నేలకు ఆనించి నిలబడ్డాడు. తలుపు తీసుకుని వచ్చిన మనిషి ఒంటి మీద పెళ్ళినాటి తెల్లచీర. మడతల దగ్గర కాస్త మీగడరంగుకు తిరిగింది, కర్పూరం ఉండల వాసన వస్తోంది. దాన్ని ఆదరాబాదరాగా చుట్టుకుని, చేతులకు శనగపిండి అంటుకునే ఉన్న మమతారాణి ఎటూ చూడకుండా నేరుగా కారెక్కి వెనక సీట్లో కూర్చుంది.

"గిదేందే?" బుచ్చవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "మళ్ళ పెండ్లి చేసుకుంటున్నవా?"

ప్రేమ్‌చంద్ ముందు తలుపు తెరిచి, కష్టపడి డ్రైవరు సీట్లోకి జరిగాడు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, అద్దంలోకి చూశాడు.

"యాడికి పోదాం, అమ్మగారూ?"

"నవ్వకు. నాకు ఏడుపొస్తుంది."

"నవ్వుతలేను. అప్పుడు సుత గిట్లనే కూసున్నవ్. సీటు అంచుకు. ఎప్పుడు దిగి ఉర్కుతవో అనుకున్న."

"నిమ్మళంగ కూసునే బతుకిచ్చినవా?"

"ఎన్నడన్న అడిగినవా?"

ఆమె సీటు అంచు నుంచి వెనక్కి జరిగింది. సీటుకు వీపు గట్టిగా ఆనించి, కుడికి ఒరిగింది, ఎడమకు ఒరిగింది, గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు ఎగిరి ఎగిరి కూర్చుంది. కారు ఊగింది. కళ్ళు మూసుకుని కొద్దిసేపు అలాగే ఉంది. ఆ కాస్సేపూ ఆమె వేళ్ళు కదలలేదు. ప్రేమ్‌చంద్ అద్దంలోంచి అది చూశాడు.

దిగి బుచ్చవ్వకు వీపు చూపించింది. "చూడత్తా, ఉన్నదా?"

ముసలమ్మ చీరను కళ్ళకు దగ్గరగా పట్టుకుని, వేలితో తడిమి, చాలాసేపు చూసింది. "ఏం లే. పో."

"మంచిగ చూసినవా?"

"నా కండ్లు నీ కారు లైట్లకన్న మంచిగనే ఉన్నయ్. పో!"

అక్క ఇంటి ముందు తెల్ల కారు అప్పటికే వచ్చి నిలబడి ఉంది, గులాబీ దండలతో, అద్దాలకు నల్ల ఫిల్ముతో. చీర మార్చుకుని, రిబ్బన్ల నూనె అంచు కత్తిరించి కారుకు కట్టి వచ్చిన మమతారాణి దాని పక్కన తన ద్రాక్షరంగు కారు ఆపింది. కొత్తది కాదని ఎవరికైనా తెలుస్తుంది. కానీ మధ్యాహ్నానికి దగ్గరవుతున్న ఎండ బానెట్ మీద పడి నీళ్ళలా కదులుతోంది. సాగర్ వచ్చి చుట్టూ తిరిగాడు. హెడ్‌లైటు మీద వేలు రాశాడు. బంపరు చూశాడు. వెనక తలుపు తెరిచి లోపలికి వంగాడు. ఆమె వేళ్ళు కొంగు అంచును మడిచాయి.

"ఏం పెట్టినవ్ చిన్నమ్మా, గింత మెరుస్తుంది?"

"ఇంట్ల ఉన్నయే, బిడ్డా."

వాడు ఇంకేదో అనబోయాడు. అప్పటికే మహిమ గడప దాటి వచ్చేసింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ముసుగు వెనక ఇద్దరు మోస్తుండగా, తెల్ల కారు వైపు చూడను కూడా చూడకుండా ద్రాక్షరంగు కారులోకి ఎక్కింది. ముసుగు మోసిన హర్షిణి, మహిమ స్నేహితురాలు, పక్కన సర్దుకుంది. తలుపు వేస్తుంటే మహిమ ఒక్క క్షణం ఆగి, గాఢంగా గాలి పీల్చింది. తర్వాత నిటారుగా కూర్చుంది.

చర్చి దూరమేమీ కాదు. రైల్వే గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి కదులుతుంటే కారులో వేడి పెరిగింది. ఏసీ గాలి వెనక దాకా సరిగా పోదు. మమతారాణి చేతులు స్టీరింగు మీద అటూ ఇటూ జారుతున్నాయి. అద్దంలో చూస్తే మహిమ కర్రలా కూర్చుని ఉంది. వీపు సీటుకు తగలడం లేదు.

"జర ఒరుగు బిడ్డా. ఎంతసేపు గట్ల కూసుంటవ్?"

"మంచిగనే ఉన్న చిన్నమ్మా."

సిగ్గేమో. భయమేమో. లేకపోతే కారు నచ్చలేదేమో. వ్యాగన్లు అయిపోవడం లేదు. అద్దం, గేటు, అద్దం, గేటు. గేటు లేవగానే ఇంజను ఎక్కడ ఆగిపోతుందోనని క్లచ్ మెల్లమెల్లగా వదిలింది. ఆగిపోలేదు.

చర్చి గేటు దగ్గర మహిమ దిగింది. దిగగానే హర్షిణి ముసుగు వెనక్కి పరిచేసింది. రెండు పొరల నెట్టు, దాని మీద పూసలు. వీపు కనిపించలేదు. పెళ్ళికూతురు తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచిపోయింది. సంఘమంతా లేచి నిలబడింది. మమతారాణి వెనక బెంచీలో కూర్చుని లేచింది, గోడకు ఆనుకుని నిలబడింది, బయటికి వెళ్ళి కారు చూసి వచ్చింది. పాస్టరు మాటలు ఆమె చెవిదాకా రావడం లేదు. ఉంగరాలు మార్చుకున్నప్పుడు ముసుగు కాస్త పక్కకు జరిగింది. అంత దూరం నుంచి తెల్లదనం తప్ప ఏదీ కనిపించలేదు.

పెళ్ళయిపోయింది. జంట బయటికి వచ్చింది. తెల్ల కారు డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. సాగర్ అటు చూపించాడు. పెళ్ళికొడుకు అటు అడుగు వేశాడు.

"ఇటు," అంది మహిమ, కొత్త భర్తతో మొదటి మాటగా.

కారెక్కేముందు హర్షిణి ముసుగు మొత్తం ఎత్తి చుట్ట చుట్టింది. అప్పుడు కనిపించింది. నడుము కింద, బొటనవేలంత మరక. వేరే ఎవరైనా చెమట అనుకుంటారు. మమతారాణి అనుకోలేకపోయింది.

"మహిమా... నీ చీరకు... నేను సీటుకు..."

"కొబ్బరినూనె," అంది మహిమ.

"ఎట్ల తెలుసు?"

"ఎక్కంగనే వాసనొచ్చింది చిన్నమ్మా. గిన్నేండ్లు నా తలకు నూనె రుద్దింది నువ్వే కదా, నాకు తెల్వదా?" పెళ్ళికూతురు నవ్వు ఆపుకుంటోంది. "గందుకే ఒరగలే. గేటు కాడ వీపు వట్టుకపోయింది, తెలుసా?"

"మరి ఎందుకెక్కినవే? పక్కనే తెల్లది ఉండె కద!"

"దిగుత అంటే సాగరన్న నిన్నేమనేటోడు?"

మమతారాణి చుట్టూ చూసింది. ఆ రోజు నవ్విన సంఘ పెద్ద గుమ్మంలో నిలబడి వీళ్ళ వైపే చూస్తున్నాడు. ఫొటో తీసేవాడు కారు ముందుకు వచ్చి, "డ్రైవరక్కా, మీరు సుత సీట్ల కూసోండ్రి, ఒకటి తీస్త" అని కేక వేశాడు.

"జల్ది కూసో చిన్నమ్మా," మహిమ ఈసారి సీటుకు పూర్తిగా జారబడింది. "పెండ్లయిపాయె. ఇప్పుడు ఎంత నూనెంటినా ఫికర్ లే. నాకు ఆకలైతుంది, పోనియ్."

ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. ఫొటో అయ్యేదాకా, ఎవరూ చెప్పకుండానే, కదలకుండా కూర్చుంది. తర్వాత గేరు వేసింది. ఎంత మెల్లగా నడిపిందంటే బ్యాండువాళ్ళు కారును దాటిపోయి, ఆగి, వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చింది.